పొగ మానడానికి మీ కారణం ఏమిటి?

ఓపీలో కొత్త చీటీ రాసేటప్పుడు మా సిస్టర్లు అందరినీ అడిగే ప్రశ్నల్లో "పొగ తాగే అలవాటు ఉందా?" అన్నది ఒకటి. దీనికి సూటిగా "ఉంది" అని చెప్పేవారు తక్కువ. "ఎప్పుడో ఒకటి, సిస్టర్", "టెన్షన్ ఉన్నప్పుడే", "భోజనం అయ్యాక ఒక్కటే", "ఈమధ్య బాగా తగ్గించేశానండీ" అనే జవాబులే ఎక్కువగా వింటూ ఉంటాం. పక్కన నిలబడ్డ భార్య ముఖం చూస్తే అసలు లెక్క తెలిసిపోతుంది.

అలవాటు ఉన్నవారిని మేము ఇంకో ప్రశ్న కూడా అడుగుతాం: "మానాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎందుకు అనిపించింది?" ఈ రెండో ప్రశ్నకు చాలామంది కాసేపు ఆలోచించి నిజం చెబుతారు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించే. అయితే దానికంటే ముందు చట్టం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. పొగ మానడం అనగానే చాలామందికి గుర్తొచ్చేవి గోడ మీది బోర్డు, 200 రూపాయల జరిమానా.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో బహిరంగ స్థలాల్లో పొగ తాగడంపై నిషేధం ఒక్కరోజులో రాలేదు. 1999 జూలైలో కేరళ హైకోర్టు ఆ రాష్ట్రంలో బహిరంగంగా పొగ తాగడాన్ని నిషేధిస్తూ తీర్పు ఇచ్చింది. 2001 నవంబరు 2న మురళీ దేవరా వేసిన కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించేలా ఆదేశాలిచ్చింది. ఆసుపత్రులు, పాఠశాలలు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్లు వంటి చోట్ల పొగ తాగనివ్వకూడదన్నది. పొగ తాగని మనిషి కేవలం నలుగురూ తిరిగే చోటికి వెళ్లిన పాపానికి జబ్బు ఎందుకు తెచ్చుకోవాలి? జీవించే హక్కు అతనికీ ఉంది కదా? కోర్టు చూసిన విషయం ఇదే.

2003లో సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. దాని కింద మరింత గట్టి నియమాలు 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు అమల్లోకి వచ్చాయి. అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి అన్బుమణి రామదాస్. ఆ రోజు నుంచి ఉద్యోగులు పనిచేసే ఆఫీసులు, షాపింగ్ మాల్స్, సినిమా హాళ్లు కూడా నిషేధం కిందికి వచ్చాయి. రైల్వే స్టేషను, బస్టాపు ఆరుబయట ఉన్నా అవి కూడా బహిరంగ స్థలాలే. 30 గదులు దాటిన హోటళ్లు, 30 మందికి పైగా కూర్చునే రెస్టారెంట్లు, విమానాశ్రయాలు మాత్రం విడిగా పొగ గది పెట్టుకోవచ్చు.

నియమం తప్పినవారికి 200 రూపాయల వరకు జరిమానా పడుతుంది. ఆ స్థలానికి బాధ్యుడైన యజమాని లేదా మేనేజరు కూడా జవాబు చెప్పాలి. అక్కడ బోర్డు పెట్టాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలో రాయాలి, యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు అందుబాటులో ఉంచకూడదు. 18 ఏళ్లు నిండనివారికి పొగాకు అమ్మడం నేరం. విద్యాసంస్థకు 100 గజాల లోపల అమ్మడమూ నేరమే. మీ పిల్లల స్కూలు గేటు దగ్గర పాన్ డబ్బా ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

చట్టం వల్ల మేలు జరిగిందా?

జరిగింది. ఒకప్పుడు ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని బీడీ కాల్చడం, సినిమా హాల్లో తెర ముందు పొగ లేవడం, డాక్టరు గది బయటి బెంచీ మీదే సిగరెట్ వెలిగించడం మన పెద్దలు చూసినవే. ఇప్పటి పిల్లలకు అవి కథల్లా ఉంటాయి.

ఆరోగ్యంలో కూడా తేడా కనబడింది. స్కాట్లండ్‌లో 2006 మార్చిలో మూసి ఉన్న బహిరంగ స్థలాలన్నింటిలో పొగ నిషేధించారు. అక్కడి 9 ఆసుపత్రుల్లో గుండెపోటు, దానికి దగ్గరి సమస్యలతో చేరినవారిని లెక్కపెడితే, నిషేధం వచ్చాక ఆ సంఖ్య 17 శాతం తగ్గింది. గమనించవలసిన విషయం ఏమిటంటే, పొగ తాగేవారిలో కంటే తాగనివారిలో తగ్గుదల ఎక్కువ. పక్కవాడి పొగ మన గుండెకు ఎంత చేటు చేస్తోందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

చట్టం వల్ల మానాలనుకునేవారికి ఇంకో సహాయం కూడా ఉంది. సిగరెట్ వెలిగించాలంటే లిఫ్టు దిగి, గేటు దాటి, ఎండలో నిలబడాలి అన్నప్పుడు రోజుకు 10 తాగే మనిషి 6కో 7కో దిగుతాడు. కళ్ల ముందు ఎవరూ వెలిగించకపోతే మానినవారికి మళ్లీ బుద్ధి పుట్టడం తగ్గుతుంది.

చట్టం చేరని చోట్లు

మన కొండాపూర్ సంగతే చూడండి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. అద్దాల భవనాల్లో ఎక్కడా పొగ తాగనివ్వరు. కానీ సాయంత్రం ఏ కంపెనీ గేటు బయట చూసినా చాయ్ బండి, దాని పక్కన పాన్ డబ్బా, వాటి చుట్టూ మెడలో ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలు కనిపిస్తారు. దీనికి "సుట్టా బ్రేక్" అని పేరు కూడా పెట్టుకున్నారు. నైట్ షిఫ్ట్ క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, పక్కనే కడుతున్న అపార్టుమెంట్ల మేస్త్రీలు, కూలీలు అంతా అక్కడే కలుస్తారు. జీతాల్లో ఎంత తేడా ఉన్నా, అక్కడ అగ్గిపెట్టె ఒక్కటే.

ఇక ఇల్లు. ఇంట్లోకి చట్టం రాదు. 2016-17లో దేశవ్యాప్తంగా జరిగిన పెద్దల పొగాకు సర్వే ప్రకారం పనిచేసే చోట ఇతరుల పొగ పీల్చినవారు 30.2 శాతం అయితే, ఇంట్లో పీల్చినవారు 38.7 శాతం. ఆఫీసులో బోర్డుకు భయపడి ఆగిన సిగరెట్ ఇంటికొచ్చి బాల్కనీలో వెలుగుతోంది. బాల్కనీలో తాగితే ఫరవాలేదు అనుకోకండి. పొగ తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. చొక్కాకు, జుట్టుకు పట్టుకుని మంచం దాకా వస్తుంది. పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో కనీసం 69 క్యాన్సర్ కలిగించేవి. ఈ పొగ పీల్చే పిల్లలకు ఆయాసం, న్యుమోనియా, చెవి పోటు ఎక్కువగా వస్తాయి. గర్భిణి పీల్చితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది.

కాబట్టి చట్టం చేయగలిగింది ఒక హద్దు వరకే. సిగరెట్‌ను ఇతరులకు దూరంగా జరపగలదు గానీ మన వేళ్ల మధ్య నుంచి తీసేయలేదు. జరిమానా సంగతి కూడా అంతే. ఒక సిగరెట్ 20 రూపాయలు అనుకుందాం. రోజుకు 10 తాగే మనిషి రోజూ 200 ఖర్చు పెడుతున్నాడు. అంటే చట్టం వేసే అతి పెద్ద జరిమానాను తనంతట తాను ప్రతిరోజూ కడుతున్నాడు. నెలకు 6,000, ఏడాదికి 73,000. ఇంత కడుతున్న మనిషిని ఇంకో 200 ఆపుతుందా? అతనికి కావలసింది తనదైన ఒక కారణం.

"నాది సిగరెట్ కాదుగా!"

ఈ మాట కూడా తరచూ వింటాం. బీడీలో ఆకు ఉంటుంది కాబట్టి సహజం అంటారు కొందరు. బీడీ తాగే మగవారికి సగటున 6 ఏళ్లు, ఆడవారికి 8 ఏళ్లు, సిగరెట్ తాగే మగవారికి 10 ఏళ్లు ఆయుష్షు తగ్గుతోందని 2008లో మన దేశంలోనే జరిపిన పెద్ద పరిశోధన తేల్చింది. చుట్ట కూడా అంతే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఇక్కడికి పనులకు వచ్చిన కుటుంబాలకు "అడ్డపొగ" తెలుసు. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగే పద్ధతి అది. ముఖ్యంగా ఆడవారిలో ఉంది. ఆ వేడికి, పొగకు అంగిలి మీద మచ్చలు లేచి, కొందరికి అవి క్యాన్సర్‌గా మారతాయి. మీ ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో ఈ అలవాటు ఉంటే ఒకసారి నోరు తెరిపించి టార్చి వేసి చూడండి. తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, మానని పుండు కనిపిస్తే వెంటనే తీసుకురండి.

కుర్రకారు హుక్కా నీళ్లలోంచి వస్తుంది కాబట్టి మంచిదే అనుకుంటారు. గంటసేపు హుక్కా పీల్చితే ఒక సిగరెట్ కంటే వంద రెట్లకు పైగా పొగ లోపలికి పోవచ్చు. 2024 ఫిబ్రవరిలో మన తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధిస్తూ చట్టం చేసింది. ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, అమ్మకం దేశమంతటా 2019 నుంచే నిషేధం.

మేము విన్న కారణాలు

మానినవారిని "ఎలా మానారు?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పద్ధతి చెబుతారు. "ఎందుకు మానారు?" అంటే మాత్రం క్యాన్సర్ పేరు చెప్పేవారు తక్కువే. డబ్బా మీది భయంకరమైన బొమ్మ పేరు ఎత్తేవారూ తక్కువే. విడిగా ఒక్కటే కొనుక్కునేవారికి ఆ బొమ్మ కనపడను కూడా కనపడదు. పేర్లు చెప్పం గానీ, ఇక్కడ పనిచేస్తూ మేము విన్న కారణాలు కొన్ని చెబుతాం.

ఒక క్యాబ్ డ్రైవరు తన చిన్న పాపను ఆయాసంతో నెలలో మూడోసారి నెబ్యులైజర్ పెట్టించడానికి తెచ్చాడు. మందులు మార్చమన్నాడు. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని సిస్టర్ అడిగితే తల దించుకున్నాడు. ముక్కుకు మాస్కు పెట్టుకున్న పాప, "మా నాన్న దగ్గర అదే వాసన వస్తది" అంది. ఆయన మానడానికి నాలుగుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. నాలుగోసారి నిలబడ్డాడు.

ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి కారణం ఇంకోటి. ఒకరోజు కరెంటు పోయి లిఫ్టు ఆగింది. తండ్రి, తను కలిసి ఆరో అంతస్తు ఎక్కుతున్నారు. అరవై దాటిన తండ్రి పైకి చేరి, మూడో అంతస్తులో కూర్చుండిపోయిన కొడుకు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. "ఆయన ఏమీ అనలేదు సిస్టర్, మంచినీళ్లు పట్టుకుని కిందికి దిగొచ్చారు" అన్నాడు.

ఒక మేస్త్రీకి నలభై ఏళ్లు కూడా నిండకుండానే కాలి వేలు నల్లబడింది. పొగ తాగే యువకుల్లో రక్తనాళాలు మూసుకుపోయే బర్జర్స్ వ్యాధి అది. పొగాకు పూర్తిగా మానితేనే జబ్బు ఆగుతుంది. లేకపోతే వేలు తర్వాత పాదం, పాదం తర్వాత కాలు. "గోడ ఎక్కాలంటే కాలు కావాలి గదమ్మా" అన్నాడు. అదే అతని కారణం. వేలు పోయింది, కాలు దక్కింది.

ఒక తాతగారు మనుమరాలు ముద్దు పెట్టనివ్వడం లేదని మానారు. మరొకాయన మా సంఘంలో శ్రమ దినాలు నలభై రోజులూ మానుకుని, ఈస్టరు వచ్చాక "నలభై రోజులు బతికినవాణ్ణి నలభై ఒకటో రోజు చచ్చిపోతానా?" అని మళ్లీ ముట్టుకోలేదు.

అందరి కథా ఇలా ముగియదు. ఊపిరితిత్తులు పాడై ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న ఒక పెద్దాయన ఉండేవారు. ఆక్సిజన్ దగ్గర అగ్గిపుల్ల గీస్తే ఇల్లు అంటుకుంటుంది, అది తెలిసీ సిలిండరు కట్టి బయటికి వెళ్లి కాల్చేవారు. ఒకరోజు మా సిస్టరుతో ఇలా అన్నారు: "మానమని నాకు చెప్పినవాళ్లు వందమంది. నీకు మానాలని ఎందుకుందిరా అని అడిగినవాళ్లు లేరు." ఆయనకు చదువుకుంటున్న కొడుకు ఉన్నాడు. వాడి పెళ్లి చూడాలని ఉండేదట. చూడలేకపోయారు.

ఆయన మాట మేము మరచిపోలేదు. అందుకే ఓపీలో ఆ రెండో ప్రశ్న తప్పకుండా అడుగుతున్నాం. పైన చెప్పిన సర్వేలోనే పొగ తాగేవారిలో సగానికి పైగా, 55.4 శాతం మంది, మానాలని అనుకుంటున్నట్లు చెప్పారు. అంటే కోరిక ఉంది. దానికి ఒక ముఖం, ఒక పేరు దొరకాలి.

మానితే శరీరంలో ఏం జరుగుతుంది?

- 20 నిమిషాల్లో గుండె వేగం, రక్తపోటు తగ్గడం మొదలవుతుంది.
- 12 గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుంది.
- 2 నుంచి 12 వారాల్లో రక్తప్రసరణ, ఊపిరితిత్తుల పని మెరుగవుతాయి.
- 1 నుంచి 9 నెలల్లో దగ్గు, ఆయాసం తగ్గుతాయి.
- ఏడాదికి గుండెజబ్బు ప్రమాదం పొగ తాగేవారితో పోలిస్తే దాదాపు సగానికి వస్తుంది.
- పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ప్రమాదం దాదాపు సగమవుతుంది.

"ఇంత వయసొచ్చాక మానితే ఏం లాభం?" అని అడిగేవారికి బ్రిటన్ డాక్టర్ల మీద 50 ఏళ్ల పాటు జరిగిన పరిశోధన జవాబు చెబుతుంది. 2004లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 30 ఏళ్లకు మానితే సుమారు 10 ఏళ్లు, 40కి మానితే 9, 50కి మానితే 6, 60కి మానినా 3 ఏళ్ల ఆయుష్షు మిగులుతుంది. మూడేళ్లంటే తక్కువా? ఒక మనుమడు పుట్టి, నడిచి, తాతా అని పిలిచేంత కాలం.

ఎలా మొదలుపెట్టాలి?

1. మానే రోజును ముందే నిర్ణయించుకోండి. రెండు వారాలు దాటనివ్వకండి. ఇంట్లో ఒకరికి, పనిచేసే చోట ఒకరికి చెప్పండి.

2. ముందురోజు రాత్రి ఇంట్లో, బండిలో, సొరుగులో ఉన్న సిగరెట్లు, లైటరు, యాష్‌ట్రే అన్నీ పారేయండి. "ఒకటి అవసరానికి" అని దాచుకోకండి.

3. ఏ సమయంలో తాగుతారో రాసుకోండి. చాయ్‌తోనా, భోజనం తర్వాతా, ఫోను మాట్లాడుతూనా? కొన్నాళ్లు ఆ సమయాన్ని మార్చండి. చాయ్ బండికి బదులు క్యాంటీనులో తాగండి. భోజనం అవగానే లేచి నడవండి. కొత్తగూడ బొటానికల్ గార్డెన్ దగ్గర్లో ఉన్నవారు సాయంత్రం అటు వెళ్లండి.

4. తాగాలన్న తహతహ వచ్చినప్పుడు అది కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు మంచినీళ్లు మెల్లగా తాగండి, గట్టిగా ఊపిరి తీసుకోండి, సోంపు, లవంగం, వేయించిన శనగలు నోట్లో వేసుకోండి. గుట్కా, ఖైనీ, జర్దా మాత్రం వద్దు. అది పెనం మీంచి పొయ్యిలో పడడమే.

5. మొదటి మూడు రోజులు కష్టంగా ఉంటాయి. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం సహజం. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. అవసరమైతే నికోటిన్ గమ్, ఇతర మందులు ఉన్నాయి. గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు డాక్టరుతో మాట్లాడాకే వాడాలి.

6. కేంద్ర ప్రభుత్వ ఉచిత క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. సిగరెట్ డబ్బా మీద కూడా ఈ నంబరే ఉంటుంది.

7. మళ్లీ తాగితే అంతా అయిపోయిందనుకోకండి. చాలామంది ఒకటికి రెండుసార్లు జారి మానినవారే. ఏ సమయంలో జారారో చూసుకుని కొత్త తేదీ పెట్టుకోండి.

ఇంట్లోవారికి ఒక మాట

అమ్మల్లారా, అక్కల్లారా, మీ బాధ మాకు తెలుసు. అయినా రోజూ సాధించడం వల్ల, బంధువుల ముందు పరువు తీయడం వల్ల సిగరెట్ ఆగదు, దాచుకోవడం మొదలవుతుంది. పోట్లాటకు బదులు ఆయన మనసు బాగున్న సమయం చూసి ఒక్కసారి అడగండి: "నీకు మానాలని ఎప్పుడైనా ఉందా? ఎందుకు?" జవాబు వచ్చేదాకా ఆగండి. వచ్చాక ఉపదేశం చేయకండి. మానిన మొదటి రెండు వారాలు విసుక్కుంటే కాస్త ఓర్చుకోండి. మిగిలిన డబ్బును ఒక డబ్బాలో వేసి నెలాఖరున ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. ఇల్లు, కారు మాత్రం ఈరోజు నుంచే పొగ లేని చోట్లుగా ఉంచుకోండి. అక్కడ ఆ నియమం పెట్టవలసింది మీరే, పార్లమెంటు కాదు.

పొగ తాగే పాఠకులకు చివరగా ఒక మనవి. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ ఓపీ చీటీ వెనకవైపు ఒకే ఒక్క వాక్యం రాసుకుని రండి: "నేను మానాలనుకుంటున్నది ఇందుకు" అని. మా సిస్టర్లలో ఎవరికైనా చూపించండి. మీరు ఎన్ని తాగుతారని ముందుగా అడగం. ఆ వాక్యం చదివి, అక్కడి నుంచి మొదలుపెడతాం.